గుబులుకు పూల చుక్కలు: మూడు నెలలు వాడిన తరువాత

"మీకు వేసే భయం దేని గురించో చెప్పగలరా, లేక ఎందుకో తెలియకుండానే వేస్తుందా?" అని పూల మందులు ఇచ్చే ఆవిడ అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అప్పటికి నాన్నగారు పోయి ఎనిమిది నెలలైంది. ఆ కబురు అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చింది. అప్పటినుంచి రాత్రిపూట ఏ ఫోన్ మోగినా గుండె దడదడలాడేది. నేను ఫోన్ చేసినప్పుడు అమ్మ ఒక్కసారి ఎత్తకపోతే కాలు నిలిచేది కాదు. వీటికి తోడు సాయంత్రం వెలుగు తగ్గే వేళకు ఏ కారణమూ కనిపించకుండానే కడుపులో ఏదో గుబులు మొదలయ్యేది. పక్క మీదికి చేరాక ఆసుపత్రిలో గడిచిన చివరి రోజులు ఒకదాని వెంట ఒకటి కళ్ళముందు తిరుగుతూనే ఉండేవి. వీటన్నిటినీ నేను "టెన్షన్" అనే ఒక్క మాటలో మూటగట్టి మోస్తూ వచ్చాను. ఆవిడతో మాట్లాడిన గంటసేపటిలో ఆ మూట విడిపోయి, లోపల ఉన్నవి నాలుగు వేరువేరు బాధలని నాకు తెలిసింది.

ఆ తరువాత మూడు నెలలపాటు బాచ్ పూల మందులు, అంటే పూలను నీటిలో నానబెట్టి లేదా మరిగించి చేసే చుక్కల మందులు, వాడాను. వాడుతూనే వాటి గురించి చదివాను, నా చేతనైనంతలో వాటిని పరీక్షించి కూడా చూశాను. దుఃఖంలో ఉన్నవారు, నిద్ర పట్టనివారు, మాత్రలంటే భయపడేవారు వీటివైపు చూస్తూ ఉంటారు కనుక, డబ్బూ ఆశా రెండూ పెట్టే ముందు వారికి పనికివచ్చే వివరాలు రాయాలనిపించింది. నా అభిప్రాయం మొదటే చెబుతాను. ఈ వైద్యంలో నాకు నిజంగా మేలు చేసింది, ఏ సీసా కావాలో తేల్చుకోవడానికి జరిగిన ప్రశ్నోత్తరాలు. సీసాలోని ద్రవం వల్ల ప్రత్యేకంగా ఏదైనా జరిగిందని నేను చెప్పలేను. ఆ అభిప్రాయానికి ఎలా వచ్చానో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఈ మందులకు పేరునిచ్చిన ఎడ్వర్డ్ బాచ్ (1886–1936) బర్మింగ్‌హామ్ దగ్గరి మోస్లీలో పుట్టిన ఆంగ్ల వైద్యుడు. లండన్‌లో చదువు పూర్తిచేసి, సూక్ష్మజీవుల మీద పనిచేసి, 1919 నుంచి లండన్ హోమియోపతి ఆసుపత్రిలో ఉన్నాడు. ఒకే జబ్బుతో వచ్చిన ఇద్దరు ఒకే మందుకు ఒకేలా కోలుకోకపోవడం చూసి, జబ్బు పేరును బట్టి కాక మనిషి స్వభావాన్నీ మనఃస్థితినీ బట్టి మందివ్వాలనే నిర్ణయానికి వచ్చాడు. 1928లో ఇంపేషెన్స్, మిములస్, క్లెమాటిస్ అనే మూడు పూలతో మొదలుపెట్టి, 1930లో బాగా నడుస్తున్న లండన్ ప్రాక్టీసును వదిలేసి, మొక్కల కోసం పల్లెలు తిరిగాడు. 1934లో బ్రైట్‌వెల్-కమ్-సాట్‌వెల్ అనే ఊళ్ళో మౌంట్ వెర్నన్ అనే చిన్న ఇంట్లో స్థిరపడ్డాడు. మరుసటి సంవత్సరానికి మందుల సంఖ్య 38కి చేరింది. 1936 నవంబరులో, 50 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ పూలను అతడు ప్రయోగశాలలో ఎంచలేదు. ఏదైనా ఒక మనోవ్యథ తనకే కలిగినప్పుడు ఏ పువ్వు దగ్గర తనకు ఊరట దొరుకుతుందో తన మీదే చూసుకుని ఎంచాడు. ఈ సంగతి నన్ను రెండు విధాలుగా కదిలించింది. మనిషి బాధలను అంత దగ్గరగా చూసినవాడు రాసిన వర్ణనలు కనుకనే అవి ఈనాటికీ సూటిగా తాకుతాయి. అయితే ఒక్కడి అనుభూతి మీద నిలబడిన ఎంపికను మరొకరు సరిచూడటానికి దారి లేదు.

తయారీ పద్ధతి మాత్రం ఎవరైనా చేసుకోగలిగినంత సులువు, దానిని బాచ్ దాచుకోలేదు కూడా. 38లో 20 మందులను ఎండ పద్ధతిలో చేస్తారు. మబ్బులేని రోజున పలుచని గాజు గిన్నెలో ఊట నీళ్ళు పోసి, అప్పుడే కోసిన పూలను నీటి పైభాగం కనిపించకుండా పరిచి, మూడు గంటలపాటు ఎండలో ఉంచుతారు. తరువాత పూలను చేత్తో ముట్టకుండా ఆ మొక్క పుల్లతోనే తీసేస్తారు. మిగిలిన 18 మందులు ఎక్కువగా చెట్లకు, పొదలకు సంబంధించినవి. వాటి పూలను కొమ్మలతో సహా అరగంటసేపు మరిగించి, చల్లారాక వడగడతారు. రెండు పద్ధతుల్లోనూ వచ్చిన నీటికి సమానంగా బ్రాందీ కలిపితే అది మదర్ టింక్చర్ అవుతుంది. 38లోనూ అన్నీ పూలు కావు: చెస్ట్‌నట్ బడ్ అనేది మొగ్గ, రాక్ వాటర్ అనేది ఊట నీరు మాత్రమే. తమ మీద తామే కఠినమైన నియమాలు పెట్టుకుని నలిగిపోయేవారికి ఆ నీటిని చెబుతారు.

కొనేవారు ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మదర్ టింక్చర్ రెండు చుక్కలను 30 మిల్లీలీటర్ల బ్రాందీలో కలిపితే, అంగట్లో దొరికే స్టాక్ సీసాలోని ద్రవం తయారవుతుంది. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలు అనుకుంటే, అది 300 వంతుల్లో ఒక వంతు. ఆ స్టాక్ నుంచి మళ్ళీ రెండు చుక్కలను 30 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి రోజువారీ సీసా చేసుకుంటాము కనుక, మనం నోట్లో వేసుకునేటప్పటికి మదర్ టింక్చర్ 90,000 వంతుల్లో ఒక వంతుకు చేరుతుంది. ఆ మదర్ టింక్చర్ కూడా పూలు తేలిన నీరే. అందువల్ల ఇందులో మొక్కకు సంబంధించిన రసాయనం శరీరం మీద పనిచేసేంత మోతాదులో ఉండదు. ఆ మాట ఈ పద్ధతిని నమ్మేవారు కూడా ఒప్పుకుంటారు; పువ్వు తాలూకు శక్తి నీటిలోకి దిగుతుందని వారంటారు. ఆ శక్తిని కొలిచి చూపే సాధనం ఏదీ లేదు. హోమియోపతిలో చేసినట్లు దశలవారీగా పలుచన చేస్తూ కుదపడం ఇందులో లేదు కనుక రెండూ ఒకటే అనుకోవడం పొరపాటు. అంతకంటే పెద్ద పొరపాటు వీటిని సుగంధ తైలాలతో కలగలపడం. లావెండర్ తైలం, యూకలిప్టస్ తైలం వంటివి గాఢమైన నూనెలు, తాగితే ప్రమాదం. పూల మందు సీసా, తైలం సీసా రెండూ చూడటానికి ముదురు రంగు గాజుతో ఒకేలా ఉంటాయి. ఇంట్లో రెండూ ఉన్నవారు వేరువేరు అరల్లో పెట్టుకోవడం మంచిది.

ఇక నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగానికి వస్తాను. బాచ్ తన మందులను ఏడు గుంపులుగా విడదీశాడు: భయం, ఎటూ తేల్చుకోలేకపోవడం, ఎదుట ఉన్న జీవితం మీద ఆసక్తి లేకపోవడం, ఒంటరితనం, ఇతరుల ప్రభావానికి తేలికగా లోనుకావడం, నిరాశ, ఇతరుల మేలు గురించి అతిగా పట్టించుకోవడం. ఒక్క భయం గుంపులోనే ఐదు మందులు ఉన్నాయి. ఆవిడ ఒక్కొక్క వర్ణన చదివి వినిపిస్తుంటే, వాటికి సరిపోయే మాటలు మన భాషలో ఎప్పటినుంచో ఉన్నాయని నాకు తట్టింది. ఫలానా దాని గురించి అని చెప్పగలిగిన భయం, నలుగురిలో నోరు విప్పడానికి వేసే బెరుకు, చీకటికో కుక్కకో జంకడం, ఇవి మిములస్. ఎందుకో చెప్పలేని, రూపం లేని గుబులు ఆస్పెన్. పై ప్రాణాలు పైనే పోయేలా హడలిపోవడం రాక్ రోజ్. తన గురించి కాక తనవాళ్ళకు ఏమవుతుందోనని పడే ఆదుర్దా రెడ్ చెస్ట్‌నట్. మనసు మీద పట్టు తప్పిపోయి ఏం చేసేస్తానో అనే భయం చెర్రీ ప్లమ్. దీనికి మాత్రం ఒక్క మాటలో సరిపోయే పేరు నాకు దొరకలేదు, బహుశా అది బయటికి చెప్పుకోవడానికి మనుషులు సిగ్గుపడే భయం కావడం వల్లనేమో.

నా సంగతి ఇలా తేలింది. సాయంత్రపు గుబులుకు ఆస్పెన్, అమ్మ గురించిన ఆదుర్దాకు రెడ్ చెస్ట్‌నట్, పక్క మీద సుడి తిరిగే ఆలోచనలకు వైట్ చెస్ట్‌నట్, అర్ధరాత్రి విన్న కబురు తాలూకు దెబ్బకు స్టార్ ఆఫ్ బెత్లెహెమ్. "మీకు బెంగ ఉందా?" అని కూడా ఆవిడ అడిగింది. గడిచిపోయిన రోజుల్లోనే మనసు ఉండిపోయిన వారికి, ఇంటి మీద బెంగపెట్టుకున్నవారికి హనీసకుల్ ఇస్తారట. కొద్దిసేపు ఆలోచించి, నాకు ఉన్నది బెంగ కాదని చెప్పాను. నాన్నగారి పాత రోజుల్లోకి వెళ్ళాలని నాకు లేదు. ఆ ఒక్క రాత్రి మాత్రం నన్ను వదలడం లేదు. ఆ తేడాను అంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. అలసట విషయంలోనూ ఇలాంటి తేడాయే ఉంది: బాగా పనిచేసి, ఒంట్లో సత్తువ అయిపోయినవారికి ఆలివ్; పని మొదలుపెట్టకముందే, తలచుకుంటేనే నీరసం వచ్చేవారికి హార్న్‌బీమ్. నిరాశలోనూ అంతే: ఒక ఎదురుదెబ్బకు డీలాపడితే జెన్షియన్, ఇక లాభం లేదని చేతులెత్తేస్తే గోర్స్, తట్టుకోగల హద్దు దాటిపోయిన వేదనకు స్వీట్ చెస్ట్‌నట్. మనసు బాగాలేదు అన్న ఒక్క మాటకు అలవాటుపడినవారికి ఈ వింగడింపు ఎంత ఉపయోగపడుతుందో అనుభవిస్తే గాని తెలియదు. మనోవ్యథకు పేరు పెట్టి చెప్పించడం మాటలతో చేసే చికిత్సల్లోనూ ముఖ్యమైన పనే. దానికి పువ్వు అవసరం లేదు, కాని ఆ పువ్వుల జాబితా నా చేత ఆ పని చేయించింది.

వాడకం గురించి. ఎంచుకున్న ప్రతి మందు నుంచి రెండేసి చుక్కలు 30 మిల్లీలీటర్ల సీసాలో వేసి, నీళ్ళతో నింపి, రోజుకు నాలుగుసార్లు నాలుగేసి చుక్కలు నాలుక మీద వేసుకోవాలి. ఒక సీసాలో ఆరేడు మందులకు మించి కలపవద్దంటారు. నిలవ ఉండటానికి ఒక చెంచా బ్రాందీ కలుపుతారు. కలపకపోతే ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు మూడు వారాల్లో వాడేయాలి. రుచి అంటూ ప్రత్యేకంగా ఏమీ లేదు, చివరన బ్రాందీ ఘాటు సన్నగా తగులుతుంది. డ్రాపర్ రబ్బరు తొడుగు మెత్తగా ఉండటం వల్ల నాలుగు చుక్కలు లెక్కపెట్టి వేసుకోవడానికి కొంచెం ఓపిక పట్టాలి, గాజు కొన నాలుకకు తగలకుండా చూసుకోవాలి, తగిలితే సీసాలోని నీరు త్వరగా చెడిపోతుంది. సాయంత్రం కిటికీ దగ్గర నిలబడి, తల వెనక్కి వాల్చి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చుక్కలు లెక్కపెట్టుకునే ఆ అర నిమిషం నాకు నచ్చింది. గుబులు మొదలయ్యే వేళకు చేతికి ఒక పని దొరికింది.

మొదటి సీసా అయిపోయేసరికి నిద్ర కొంత మెరుగైంది. మందు పనిచేసిందనే నమ్మాను. నేను నలుగురికీ చెప్పడం మొదలుపెట్టేసరికి మా అక్క ఒక సలహా ఇచ్చింది. "నీకు తెలియకుండా నేను రెండు సీసాలు చేసిస్తాను, ఒక్కొక్కటి మూడు వారాలు వాడి చూడు, తరువాత ఎవరికైనా చెబుదువుగాని" అంది. రెండింటిలోనూ కాచి చల్లార్చిన నీళ్ళు, చెంచాడు బ్రాందీ పోసింది. ఒకదానిలో మాత్రమే నాలుగు మందులూ వేసింది. ఒకదాని మెడకు ఎర్రదారం, మరోదానికి తెల్లదారం కట్టి, ఏది ఏమిటో చీటీ రాసి కవరులో అంటించి తన దగ్గరే ఉంచుకుంది. నేను ప్రతి ఉదయం నోటుపుస్తకంలో రెండు సంగతులు రాసేదాన్ని: రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, సాయంత్రపు గుబులుకు పదింటిలో ఎన్ని మార్కులు వేయాలి.

ఆరు వారాల తరువాత లెక్క చూస్తే రెండు సీసాల కాలానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయినా నాకు ఎర్రదారం సీసాయే అసలు మందు అన్న నమ్మకం గట్టిగా ఉండేది. దాన్ని వాడిన రోజుల్లో మనసు కుదుటగా ఉందని పుస్తకంలో పక్కన రాసుకున్నాను కూడా. కవరు విప్పి చూస్తే ఎర్రదారం కట్టినది ఉత్త నీళ్ళూ బ్రాందీ. ఆ చీటీ చూసి నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఆ మందు పనిచేయాలని నేను మనసారా కోరుకున్నాను. ఒక్క మనిషి మీద ఆరు వారాలు చేసిన పరీక్ష పెద్ద రుజువేమీ కాదని నాకు తెలుసు. కాలం గడిచేకొద్దీ దుఃఖం దానంతటదే కొంత తగ్గుతుంది, రెండో సీసాకు ఆ లాభం కలిసివస్తుంది. అయినా అసలు మందుకూ ఉత్త నీళ్ళకూ తేడా కనిపెట్టలేకపోయిన నేను, మందు వల్లే బాగైందని ఇతరులకు చెప్పడం తగదని నిర్ణయించుకున్నాను.

పెద్ద ఎత్తున జరిగిన పరీక్షల ఫలితాలూ ఇదే దిక్కుగా ఉన్నాయి. 2001లో హరాల్డ్ వాలక్ బృందం పరీక్షల భయం ఉన్న 61 మందిపై చేసిన అధ్యయనంలో పూల మందు వాడినవారికీ ప్లాసిబో (మందులాగే కనిపించే, మందు లేని చుక్కలు) వాడినవారికీ భయం తగ్గింది, రెండింటి మధ్య తేడా లేదు. ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ 2010లో అప్పటివరకు వచ్చిన నమ్మదగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసి, పూల మందులకూ ప్లాసిబోకూ తేడా లేదనే తేల్చాడు. ఈ ఫలితాల్లో చాలామంది పట్టించుకోని సగం ఒకటుంది: రెండు వర్గాలవారికీ భయం తగ్గింది. ఆ ఉపశమనం అబద్ధం కాదు. ఎవరో శ్రద్ధగా వినడం, రోజుకు నాలుగుసార్లు ఆగి తన మనసు ఎలా ఉందో చూసుకోవడం, తగ్గుతుందనే ఎదురుచూపు, గడిచే కాలం, ఇవన్నీ కలిసి ఇచ్చిన ఉపశమనం అది. అదే 2010లో టెడ్ కాప్చక్ బృందం పేగు సమస్య ఉన్నవారికి "ఇందులో మందేమీ లేదు, ఇది ప్లాసిబో" అని చెప్పి మరీ మాత్రలు ఇస్తే, ఏమీ ఇవ్వనివారికంటే వారికి ఎక్కువ ఉపశమనం కలిగింది. అది చదివాక నేను కూడా కొన్నాళ్ళు, ఉత్త నీళ్ళకూ దానికీ తేడా లేదని తెలిసే, మందులు వేసిన తెల్లదారం సీసా వాడాను. ఆ తరువాత సాయంత్రం అదే కిటికీ దగ్గర నిలబడి గ్లాసుడు మంచినీళ్ళు నెమ్మదిగా తాగడం అలవాటు చేసుకున్నాను. నాకు రెండూ ఒకటిగానే ఉన్నాయి.

సేవ గురించి ఒక ఫిర్యాదు చెప్పక తప్పదు. మొదటిసారి అంత ఓపికగా విన్న ఆవిడే, రెండోసారి నేను వెళ్ళి ఇంకా నిద్ర సరిగ్గా పట్టడం లేదని చెప్పినప్పుడు, మనసు ఉల్లిపాయ వంటిదని, పైపొర ఊడి కింది పొర బయటపడుతోందని, అందుకు మరో మూడు మందులు కావాలని చెప్పింది. తగ్గితే మందు పనిచేసినట్లు, తగ్గకపోతే లోపలి పొర పైకి వచ్చినట్లు అయితే, ఆ మందు పనిచేయలేదని చెప్పడానికి వీలయ్యే సందర్భమే ఉండదు. ఈ ఉల్లిపాయ పోలిక ఆవిడ ఒక్కరిదే కాదు, ఈ పద్ధతిని పాటించేవారిలో బాగా వాడుకలో ఉన్నదే. దాన్ని వినగానే జాగ్రత్తపడమని చదివేవారికి చెబుతాను. అంతకంటే నన్ను బాధించిన విషయం ఇంకొకటి. గుండె దడ, నిద్రలేమి, చేతుల వణుకు ఉన్నాయని చెప్పినా, డాక్టరుకు చూపించుకున్నారా అని ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే ఇవే లక్షణాలు ఉంటాయి, రక్తం తక్కువైనా గుండె దడ వస్తుంది. అక్క పట్టుబట్టి తీసుకెళితే డాక్టరు గారు ముందు ఆ పరీక్షలు చేయించారు. అవి మామూలుగానే ఉన్నాయి. తరువాత ఆయన నన్ను ఒక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. పరీక్షల్లో ఏమీ బయటపడలేదు కనుక ఆలస్యం వల్ల నాకు నష్టం జరగలేదు. అందరి విషయంలో అలా జరుగుతుందన్న హామీ లేదు. రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉన్నవారు, తిండీ నిద్రా తప్పినవారు, బతకడం దండగ అన్న ఆలోచన వచ్చినవారు ఈ సీసాలతో రోజులు గడపకుండా వెంటనే డాక్టరును కలవాలి. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు పూల మందు మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపేయకూడదు.

ఇతర మందులతో ఇవి కలిసి కీడు చేసేంత పదార్థం వీటిలో లేదని పైన వేసిన లెక్కే చెబుతుంది. అయితే బ్రాందీ సంగతి వేరు. స్టాక్ సీసాలో దాదాపు 27 శాతం ఆల్కహాల్ ఉంటుంది. రెండు చుక్కల్లో అది అతి తక్కువే అయినా, తాగుడు మానుకుని నిలబడుతున్నవారికి ఆ వాసనే చెరుపు చేయవచ్చు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ వాడుతున్నవారు చుక్క ఆల్కహాల్ కూడా ముట్టకూడదు. కాలేయం జబ్బు ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లల తల్లిదండ్రులు కొనేముందు సీసా మీద రాసినది చదవాలి, డాక్టరును అడగాలి. గ్లిజరిన్‌లో చేసినవి కూడా దొరుకుతాయి. నమ్మకాల వల్ల మద్యం ముట్టనివారికి ఈ సంగతి ముందే చెప్పడం ఇచ్చేవారి బాధ్యత. నాకు మొదటి సీసా చేతిలో పెట్టినప్పుడు ఎవరూ చెప్పలేదు, మూత తీశాక వాసనను బట్టి తెలుసుకున్నాను.

కొనాలనే అనుకునేవారు 38 సీసాల పెట్టెను మాత్రం మొదటే కొనవద్దు. ఇంట్లో అందరికీ పనికొస్తుందని దాన్ని అంటగడతారు, నిజానికి ఒక మనిషికి అందులో నాలుగైదుకు మించి అవసరం పడవు. రెస్క్యూ రెమెడీ అనే మిశ్రమం ఎక్కువ అమ్ముడవుతుంది. రాక్ రోజ్, ఇంపేషెన్స్, క్లెమాటిస్, స్టార్ ఆఫ్ బెత్లెహెమ్, చెర్రీ ప్లమ్ అనే ఐదు కలిపి హఠాత్తుగా వచ్చే కంగారు కోసం చేసినది. చుక్కలుగా, స్ప్రేగా, చప్పరించే బిళ్ళలుగా దొరుకుతుంది; పూతమందులో ఆరవదిగా క్రాబ్ ఆపిల్ చేరుస్తారు. నాకు అది అన్నిటికంటే తక్కువ నచ్చింది. కారణం దాని సౌలభ్యమే. ఎవరికైనా, ఏ కంగారుకైనా అదే సీసా కావడం వల్ల, తనకు ఉన్నది ఏ భయమో ఆలోచించే అవసరం పోతుంది. ఆ ఆలోచన పోతే ఈ పద్ధతిలో నేను మెచ్చుకున్నదే పోయినట్లు. బాచ్ తరువాత ఆస్ట్రేలియాలో, కాలిఫోర్నియాలో అక్కడి పూలతో కొత్త వరుసలు వచ్చాయి. వాటిని నేను వాడలేదు కనుక ఏమీ చెప్పను.

నా వరకు మరో సీసా కొనలేదు. 38 వర్ణనల కాగితాన్ని నోటుపుస్తకం అట్టకు లోపలివైపు అంటించి ఉంచుకున్నాను. మనసు బాగాలేనప్పుడు అది తెరిచి, ఇది బెరుకా, గుబులా, ఆదుర్దానా, ఎవరి గురించి అని చూసి, దొరికిన పేరు తేదీ వేసి రాస్తాను. రెడ్ చెస్ట్‌నట్ వర్ణనను ఒకరోజు అమ్మకు చదివి వినిపించాను. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాటినుంచి వెలుగు తగ్గే వేళకు తానే ఫోన్ చేయడం మొదలుపెట్టింది.